స్టార్టర్ మోటారు వెనక దాక్కున్న నంబరు

ప్రశ్న: సార్, నమస్తే. మాది విజయవాడ, ఉద్యోగం టెక్సాస్‌లో, ఉండేది ఫ్రిస్కోలో. ఏడాదిన్నర కిందట 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నాను. 289 వీ8 ఇంజన్, ఆటోమేటిక్. కారు నంబరు 6ఎఫ్07సి అని మొదలవుతుంది. అమ్మినాయన "నంబర్స్ మ్యాచింగ్, ఇంజన్ ఫ్యాక్టరీదే" అని చెప్పి రేటు కాస్త గట్టిగానే తీసుకున్నాడు. ఇప్పుడు పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది, ఒక నిమిషంలో తగ్గిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు టిక్ టిక్ మని చప్పుడు. గ్యారేజీలో కారు వెనక భాగం కింద కాదు గానీ ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట రోజూ ఆయిల్ మరక. ఒక వర్క్‌షాప్ వాళ్లు చూసి "ఇంజన్ పని అయిపోయింది, కొత్తది వేసుకో, పాతది మేమే తీసుకుంటాం" అన్నారు. ఇక్కడి కార్ల క్లబ్బులో ఒక పెద్దాయన "ఒక్క బోల్టు మార్చినా విలువ పోతుంది" అంటాడు. మా నాన్నగారు ఆటోనగర్‌లో 30 ఏళ్లు ఇంజన్ బోరింగ్ షాపులో పనిచేశారు. ఆయనేమో "బ్లాకు బాగుంటే ఇంజన్ కొత్తదే రా" అంటున్నారు. మా ఆవిడ అమ్మేయమంటోంది. ఒరిజినల్ పార్టులతోనే చేయించాలని నా కోరిక. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం:

కారు ఇంకా ఆ వర్క్‌షాపులోనే ఉంటే ఇవాళే ఇంటికి తెచ్చేసుకోండి. మిగతావి తర్వాత. "పాతది మేమే తీసుకుంటాం" అన్న మాట దగ్గరే నాకు తేడా కొట్టింది. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు, పాత ఇంజన్ ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించడం ఇక్కడ మామూలే. కానీ ఆ బ్లాకు చెయ్యి దాటిందంటే మళ్లీ దొరకదు. రేపు మీరు కొత్త ఇంజనే వేయించుకున్నా సరే, పాత బ్లాకు మాత్రం మీ గ్యారేజీలో ఓ మూలన, టార్పాలిన్ కప్పుకుని ఉండాల్సిందే.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది పొగ కాదు, "నంబర్స్ మ్యాచింగ్" అన్న మాట. అమ్మినాయన ఏ నంబరును ఏ నంబరుతో సరిచూశాడో ఒకసారి అడగాల్సింది. ఎందుకంటే 1966 మస్టాంగ్‌లో మీలాంటి సి కోడ్ ఇంజన్ (కారు నంబరులో ఐదో గుర్తు ఇంజన్ రకం చెబుతుంది, మీది సి) మీద కారు నంబరు ఫ్యాక్టరీలో కొట్టనే లేదు. ఆ రోజుల్లో మస్టాంగ్ ఇంజన్లలో 271 హార్స్‌పవర్ కె కోడ్ వాటి మీదే కొట్టారు. అన్ని ఇంజన్ల మీదా కారు నంబరు కొట్టడం 1968 మోడళ్ల దగ్గర్నుంచి మొదలైంది. కాబట్టి మీ కారుకి ఆ మాట సూటిగా వర్తించదు. మీ బ్లాకు మీద కారు నంబరు శుభ్రంగా, కొత్తగా కొట్టినట్టు కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి.

మరి ఇంజన్ ఈ కారుదేనని ఎలా తెలుస్తుంది? నూటికి నూరుపాళ్లు రుజువు చేయడం కుదరదు. పోత పోసిన తేదీ కారు తయారైన తేదీకి నప్పుతోందా లేదా అని చూడొచ్చు. అది చూడ్డానికి మెకానిక్ అక్కర్లేదు. కారు ముందు భాగం ఎత్తి జాక్ స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టండి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ప్యాసింజర్ వైపు కింద ఉండే స్టార్టర్ మోటారు విప్పండి. దాని పైన, బ్లాకు గోడ మీద అరవై ఏళ్ల జిడ్డు పేరుకుని ఉంటుంది. కిరోసిన్‌లో ముంచిన వైరు బ్రష్‌తో రుద్దండి. ఉబ్బెత్తు అక్షరాలు బయటపడతాయి. లైటు ఎదురుగా పట్టుకుంటే సరిగా కనబడవు, పక్క నుంచి వాలుగా పట్టుకోండి, నీడ పడి అక్షరం తేలుతుంది.

అక్కడ సి5ఏఈ-6015 లేదా సి6ఏఈ-6015 లాంటిదేదో ఉండాలి. ఫోర్డ్ వాళ్ల లెక్కలో మొదటి అక్షరం దశాబ్దం: సి అంటే 1960లు, డి అంటే 1970లు. పక్కనున్న అంకె ఆ దశాబ్దంలో ఎన్నో ఏడాదో చెబుతుంది. మూడోది ఆ భాగాన్ని మొదట ఏ కారు కోసం గీశారో: ఏ అంటే గెలాక్సీ లాంటి పెద్ద కార్లు, ఓ అంటే ఫెయిర్‌లేన్, జెడ్ అంటే మస్టాంగ్. నాలుగోది ఈ అంటే ఇంజన్ విభాగం. 6015 అంటే బ్లాకు. "నాది 1966 కారు కదా, సి5 ఎందుకుంది?" అని కంగారు పడకండి. అది డిజైన్ ఖరారైన ఏడాది, పోత పోసిన ఏడాది కాదు. కానీ సి8 అనో డి అక్షరమో కనిపిస్తే మాత్రం అది తర్వాతి కాలపు బ్లాకు, చాలావరకు 302 (289 లాగే ఇదీ ఘనపుటంగుళాల్లో ఇంజన్ సైజు). 289 కీ 302 కీ బోరు, అంటే సిలిండర్ వెడల్పు ఒకటే, 4 అంగుళాలు. స్ట్రోకే, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరమే 2.87 నుంచి 3 అంగుళాలకు పెరిగింది. బయటినుంచి చూస్తే కవల పిల్లలు. 302 పెట్టి 289 అని అమ్మేసినవాళ్లు ఈ దేశంలో తక్కువేం కాదు.

ఆ చుట్టుపక్కలే ఇంకో చిన్న కోడ్ ఉంటుంది. 5కె21 అని ఉందనుకోండి. 5 అంటే 1965, కె అంటే అక్టోబరు, 21 తేదీ. జనవరికి ఏ నుంచి మొదలుపెట్టి లెక్కేస్తే కె నవంబరు కావాలి కదా అనొచ్చు మీరు. ఐ అక్షరం అంకె ఒకటిలా ఉంటుందని వాళ్లు దాన్ని వదిలేశారు. ఇక డ్రైవర్ డోర్ అంచున ఉన్న రేకు మీద కారు తయారీ తేదీ ఉంటుంది, 18ఎల్ అంటే నవంబరు 18. బ్లాకు అక్టోబరులో పోసి కారు నవంబరులో బిగించారంటే సరిపోయినట్టే. బ్లాకు తేదీ కారు తేదీకి కొన్ని వారాల ముందు ఉండాలి. కారు తర్వాతి తేదీ ఉంటే ఆ ఇంజన్ వేరే చోటి నుంచి వచ్చింది, ఇందులో వాదనేమీ లేదు. 1966 మోడల్ అమ్మకాలు 1965లోనే మొదలయ్యాయి కాబట్టి 5 తో మొదలయ్యే తేదీ చూసి బెంగపడొద్దు.

ఒక జాగ్రత్త. డోర్ రేకులు కొత్తవి అచ్చేసి అమ్ముతారు, ఎవరికైనా, ఏ నంబరుతోనైనా. అందుకే బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద కొట్టిన నంబరు చూసి, టైటిల్ కాగితంతో అంకె అంకె పోల్చుకోండి. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకైతే ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. మీది 1966. ఒక్క ఏడాది తేడాతో ఆ దారి మీకు లేకుండా పోయింది.

ఇప్పుడు జబ్బు సంగతి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిపి ఒక రోగం అని ఆ వర్క్‌షాప్ తేల్చేసింది. నాకు మూడు వేర్వేరు చిల్లర జబ్బుల్లా కనిపిస్తున్నాయి.

నీలం పొగ పొద్దున్నే వచ్చి నిమిషంలో ఆగిపోతోందంటే, రాత్రంతా వాల్వుల కాడల వెంట ఆయిల్ బొట్టు బొట్టుగా కిందికి జారిందన్నమాట. వాల్వ్ స్టెమ్ సీల్స్ ఎండి, గోటితో గిల్లితే బిస్కెట్‌లా విరిగే స్థితిలో ఉంటాయి. అవి మార్చడానికి హెడ్డు కూడా దించక్కర్లేదు. స్పార్క్ ప్లగ్ కన్నంలోంచి గాలి ఎక్కిస్తే వాల్వు కింద పడకుండా నిలబడుతుంది, పైనుంచి స్ప్రింగు నొక్కి సీల్ మార్చేస్తారు. రింగులు పోతే పొగ నిమిషంలో ఆగదు, లోడు మీద ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా వెనక వచ్చేవాడు హారన్ కొడతాడు.

చల్లగా ఉన్నప్పుడు టిక్ మని, వేడెక్కాక ఆగిపోయే చప్పుడు చాలాసార్లు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ లీకు. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది. మ్యానిఫోల్డు హెడ్డును తాకే అంచు వెంట నల్లటి మసి గీత ఉందేమో చూడండి. మసి లేకపోతే అప్పుడు టాపెట్ల మీద, రాకర్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ మీద, పిడి చెవికి ఆనించి వినడం మీ నాన్నగారు చూపిస్తారు. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండండి చాలు.

ఇంక ఆయిల్ మరక. అక్కడ కారితే అందరూ వెనక మెయిన్ సీల్ (క్రాంక్ వెనక చివర ఆయిల్‌ని ఆపేది) అంటారు. కాదేమో అని ముందు పైన చూడండి. రాకర్ కవర్ గ్యాస్కెట్ వెనక మూల నుంచో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక అంచు నుంచో కారిన ఆయిల్ బ్లాకు వెనక గోడ మీదుగా దిగి సరిగ్గా అక్కడికే చేరుతుంది. నిజంగా సీలే అయితే, ఆ కాలపు ఇంజన్లలో వాడింది తాడు లాంటి రోప్ సీల్. దాని బదులు ఇప్పుడు రబ్బరు సీల్ వస్తుంది, నిక్షేపంలా పనిచేస్తుంది. ఒక్కటే మెలిక: వెనక బేరింగ్ క్యాప్‌లో తాడును పట్టుకోవడానికి చిన్న పిన్ను ఉంటుంది. అది తీయకుండా రబ్బరు సీల్ బిగిస్తే, పిన్ను దానికి కన్నం పెడుతుంది. మెకానిక్‌ని "పిన్ను సంగతేంటి?" అని అడగండి. తెల్లమొహం వేస్తే వేరేవాణ్ణి చూసుకోండి.

ఇవేవీ నమ్మకంగా చెప్పలేకపోయినా కంప్రెషన్ టెస్ట్ చెప్తుంది. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు విప్పి, కార్బొరేటర్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కి గేజి పెట్టి నాలుగైదు చుట్లు తిప్పండి. ఎనిమిది అంకెలు కాగితం మీద రాసుకోండి. అన్నిటికన్నా తక్కువ వచ్చినది, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదానిలో ముప్పావు వంతుకు పైనే ఉంటే ఇంజన్‌కి ఇప్పుడప్పుడే ఢోకా లేదు. ఎక్కడైనా బాగా పడిపోతే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. ప్లగ్ వైర్లు తీసేముందు ఫోటో తీసుకోవడం మర్చిపోవద్దు. 289 కి ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-2-6-3-7-8. ముందు నుంచి వెనక్కి ప్యాసింజర్ వైపు 1 నుంచి 4, డ్రైవర్ వైపు 5 నుంచి 8.

ఈ టెస్టులో ఇంజన్ పాసయితే, సీల్సూ గ్యాస్కెట్లూ మార్చుకుని హాయిగా తిప్పుకోండి. "ఒరిజినల్‌గా చేయించాలి" అనే మోజులో బాగున్న ఇంజన్ విప్పితే, ఫ్యాక్టరీలో బిగించిన ఆ బిగింపు ఇక దొరకదు. విప్పని ఇంజన్‌కన్నా ఒరిజినల్ ఏముంటుంది చెప్పండి?

ఫెయిలయిందనే అనుకుందాం. అప్పుడు క్లబ్బు పెద్దాయన మాటా మీ నాన్నగారి మాటా ఎదురుపడతాయి. నా ఓటు మీ నాన్నగారికే.

పెద్దాయన అన్నది అబద్ధం కాదు, కానీ అది కె కోడ్ ఫాస్ట్‌బ్యాక్‌కో, షెల్బీ జీటీ350 లాంటి అరుదైన రేసు మస్టాంగ్‌కో సరిపోయే మాట. 1966లో ఫోర్డ్ తయారుచేసిన మస్టాంగ్‌లు 6,07,568. అందులో దాదాపు 5 లక్షలు మీలాంటి కూపేలే. 200 హార్స్‌పవర్ సి కోడ్ వాటిలో బాగా మామూలు ఇంజన్. ఇది చెప్తే నొచ్చుకుంటారేమో, మీది మ్యూజియం ముక్క కాదు. అందులో మీకు మేలే ఉంది: దాన్ని నడుపుకోవచ్చు, వానలో తడిస్తే గుండె ఆగదు, అరిగినది మార్చుకోవచ్చు. నేను ఉండేది మిషిగన్‌లో, డియర్‌బార్న్‌కి అరగంట దూరంలో. మీ నంబరులో ఎఫ్ అంటే ఆ ఊరి ఫ్యాక్టరీయే. అది 2004లో మూతపడింది. ఇక్కడి పాతకాపుల గ్యారేజీల్లో ఇలాంటి కూపేలు చాలా చూశాను. బోల్టుకి బోల్టు కాపాడుకున్న వాటిలో సగం ఏడాదికి రెండుసార్లు ట్రైలర్ ఎక్కి దిగుతాయి, అంతే.

నా లెక్క ఇది. పోత పోసినదీ, సాన పట్టి మళ్లీ వాడగలిగినదీ ఒరిజినల్‌గా ఉంచండి: బ్లాకు, క్రాంక్, హెడ్లు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ బాడీ, ఆల్టర్నేటర్, స్టార్టర్. అరిగేదీ, ఎండేదీ, కుళ్లేదీ కొత్తది వేయండి: పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, టైమింగ్ చైను, ఆయిల్ పంపు, రబ్బరు గొట్టాలు. ఆ టైమింగ్ చైను చక్రానికి చాలా ఇంజన్లలో నైలాన్ పళ్లు ఉండేవి, చప్పుడు రాకూడదని. అవి ఈపాటికి పెళుసెక్కి, ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడలో చేరుతాయి. "ఒరిజినల్" అని వాటిని దాచుకునేవాణ్ణి ఏమనాలి?

దీనికి తోడు పెట్టెల్లో మూసి దాచిన పాత కొత్త సరుకు ఒకటుంది. 1960ల్లో తయారై, అమ్ముడుపోకుండా అట్టపెట్టెలో మిగిలిపోయినవి, ఎన్ఓఎస్ అంటారు. ఇనుముదయితే బంగారం. రబ్బరుదయితే, పెట్టెలో ఉన్నా అరవై ఏళ్ల రబ్బరే. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, వాటర్ పంపు సీలు, బ్రేకు గొట్టాలు ఎన్ఓఎస్‌లో కొనడం డబ్బు పెట్టి ప్రమాదం కొనుక్కోవడమే. పైగా ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి, భాగం మీద ఫోర్డ్ పాత ముద్ర ఉన్నంత మాత్రాన అది పాతది అనుకోవద్దు. ఆ ముద్రతోనే లైసెన్సు తీసుకుని కొత్తవి చేస్తున్నారు. అవి చెడ్డవని కాదు, ఎన్ఓఎస్ రేటు ఇచ్చి కొనొద్దని.

పార్టుల వేట గురించి ఒక చిట్కా. "మస్టాంగ్ పార్టు" అని అడిగారా, అమ్మేవాడి కళ్లు మెరుస్తాయి. 289 ఇంజన్ గెలాక్సీల్లో, ఫెయిర్‌లేన్‌లలో కూడా వేశారు. మీ బ్లాకు నంబరులో మూడోదైన "ఏ" అనే అక్షరం చెప్తున్నది అదే కదా. హెడ్లు, క్రాంకు లాంటి లోపలి సామాను ఎన్నో వాటికీ దీనికీ ఒకటే. మస్టాంగ్ కాని కారు నుంచి అదే ముక్క తక్కువకి వస్తుంది. ముక్క మీది నంబరూ, కేటలాగులో దాని పార్టు నంబరూ ఒకటి కావు, ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది. పోత మీద ఉండేది ఇంజనీరింగ్ నంబరు, కేటలాగులోది అమ్మకపు నంబరు. రెండూ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకుని వెళ్లండి. మీకు దగ్గర్లోనే, ఫోర్ట్‌వర్త్‌లో టెక్సాస్ మోటార్ స్పీడ్‌వే దగ్గర ఏప్రిల్‌లో పేట్ స్వాప్ మీట్ జరుగుతుంది. మన ఊళ్లో సంత ఎలాగో అలాగ: నేల మీద పట్టా పరిచి తుప్పు ముక్కలు పెట్టుకుని కూర్చుంటారు. మొదటి రోజు పొద్దున్నే వెళ్తే సరుకు, చివరి రోజు సాయంత్రం వెళ్తే బేరం. అంతకన్నా పెద్ద సంత కావాలంటే పెన్సిల్వేనియాలో హర్షీ, అక్టోబరులో.

ఇంజన్ విప్పేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. నా మొదటి 289 కార్బొరేటర్ విప్పినప్పుడు పై స్క్రూ కింద ఒక చిన్న రేకు ముక్క వేలాడుతుంటే, వాషరేమో అనుకుని పారేశాను. ఆ రేకు మీదే ఉంటుంది కార్బొరేటర్ నంబరు. అది ఏ ఇంజన్‌కి, ఏ గేరుబాక్సుకి అమర్చిందో చెప్పే జాతకం అది. చెత్తబుట్ట మొత్తం తిరగేశాను, దొరకలేదు. మీది ఆటోలైట్ రెండు గొట్టాల కార్బొరేటర్, ఆ రేకు ఇంకా ఉంటే మీ అదృష్టం. తీసి పర్సులో పెట్టుకోండి.

టాపెట్లు పదహారు. పాత కామ్‌షాఫ్టే మళ్లీ వేస్తుంటే, ఏ టాపెట్ కామ్ మీది ఏ లోబ్ (వాల్వును తెరిచే బుడిపె) మీద అరిగిందో మళ్లీ అక్కడికే పోవాలి. కలిసిపోయాయా, కామ్ పాడైనట్టే. 18 గుడ్ల అట్టపెట్టె ఒకటి కొనుక్కోండి, ఆమ్లెట్ వేసుకున్నాక ఒక్కో గుంటకీ నంబరు రాసి టాపెట్ పెట్టండి. రెండు గుంటలు మిగులుతాయి. బేరింగ్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్ల క్యాపులు కూడా ఎక్కడివి అక్కడికే, ఎటు తిప్పి ఉన్నవి అటే. కొత్త కామ్, కొత్త టాపెట్లు వేస్తే మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిలింగ్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం చుట్టూ ఇరవై నిమిషాలు తిప్పాలి. అది చేయక మొదటి రోజే కామ్ అరగదీసుకున్నవాళ్లను చూశాను. జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడండి, ఇప్పటి కార్ల ఆయిల్‌లో అది తగ్గించేశారు.

మెషిన్ షాపులో ఏం అడగాలో మీ నాన్నగారికి తెలుసు, అయినా కొన్ని ఇక్కడివి. బోరు ఇదివరకే ఎవరైనా చేశారేమో పిస్టన్ తల మీది సైజు గుర్తు చూడండి. మొదటిసారి అయితే థర్టీ సైజుతో, అంటే అంగుళంలో వెయ్యికి ముప్పై వంతులతో సరిపోతుంది. సిక్స్టీ దాటి పోనివ్వకండి, దానికి ముందే గోడ మందం సోనిక్ టెస్ట్ చేయించండి. హెడ్లు దిగాయి కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించేయండి. ఈ ఇంజన్ పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది, అదే వాల్వు సీటును కాపాడేది. 1996 నుంచి అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలు పూర్తిగా నిషేధం. రాకర్ స్టడ్లు ఈ హెడ్లలో కొట్టి దిగేసినవి, మరలు లేవు. ఏదైనా పైకి లేచిందేమో స్కేలు పెట్టి చూడమనండి. లేస్తే మర స్టడ్లు వేయొచ్చు, కవరు కింద ఎవరికీ కనబడవు. మీ స్నేహితుల్లో ఎవరికైనా షెవర్లే ఉంటే వాళ్లకో మాట చెప్పండి: ఆ ఇంజన్లలో నంబర్లు కొట్టేది బ్లాకు ముందు భాగాన, హెడ్డు కూర్చునే తలం అంచునే. "డెక్ చేయమంటారా?" అని, అంటే ఆ తలాన్ని చెక్కి చదును చేయమంటారా అని షాపువాడు అడిగితే, ఊ అన్నారంటే నంబరు చెక్కేసినట్టే. మీ ఫోర్డ్‌కి ఆ బాధ లేదు.

రంగు గురించి ఎవరూ అడగకముందే చెప్తాను. 1966లో ఫోర్డ్ ఇంజన్లన్నీ నీలం. నలుపు బ్లాకు మీద బంగారు రంగు కవర్లు 1965వి. ఫోటోల్లో అందంగా ఉందని అది వేయించుకోవద్దు.

ఒరిజినల్ అనే మాటకి నేను అస్సలు లొంగనిది బ్రేకుల దగ్గర. మీ కారులో మాస్టర్ సిలిండర్ ఒకే గది. నాలుగు చక్రాల్లో ఎక్కడ లీకయినా పెడలు నేలకి దిగుతుంది, అంతే సంగతులు. రెండు గదులది 1967 మోడల్‌లోనే వచ్చేసింది. అది మీ కారుకి బిగించొచ్చు. పాతదాన్ని పేరు రాసి అట్టపెట్టెలో పెట్టండి. మీ ఆవిడ అమ్మేయమనడానికి ఇదీ ఒక కారణమేమో అడగండి, ఫ్రిస్కో హైవేల మీద అది న్యాయమైన భయమే.

ఇంజన్ మీద డబ్బు పెట్టేముందు ఇంకో పది నిమిషాల పని. బానెట్‌కీ ముందు అద్దానికీ మధ్య జల్లెడలా సందులున్న భాగం ఉంటుంది కదా, అందులో ఒక మగ్గు నీళ్లు మెల్లగా పోయండి. ఒకరు డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి లైటు వేసి చూడాలి. లోపల చుక్క పడితే కౌల్ తుప్పు పట్టిందన్నమాట. ఈ మస్టాంగ్‌లకు అది పుట్టు జబ్బు. ఆ నీళ్లు కార్పెట్ కిందకి చేరి ఫ్లోరు తినేస్తాయి. దానికి విడిగా ఛాసిస్ లేదు, ఆ రేకులే కారుకి ఎముకలు. చుక్క పడితే బడ్జెట్టులో మొదటి వాటా టింకరింగ్‌కి, ఇంజన్ తర్వాత.

ఈ శనివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టండి. మీ దగ్గర వేసవి టైము నడుస్తుంటే అప్పటికి విజయవాడలో రాత్రి ఏడున్నర, మీ నాన్నగారు భోజనానికి ముందు ఖాళీగా ఉంటారు. స్టార్టర్ విప్పక ముందే ఫోన్ బానెట్ దగ్గర పెట్టి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఆ టిక్ టిక్ వినిపించండి. ఆయన ఏమన్నారో, బ్లాకు మీద ఏ నంబరు ఉందో, ఎనిమిది కంప్రెషన్ అంకెలు ఎంతెంతో నాకు రాయండి. అవి లేకుండా బోరు సంగతి నేను మాట్లాడను.